ఆమె తలకి అతని సంతకం

"మేడమ్, ఆ స్కార్ఫ్ కాస్త తలమీద వేసుకుంటారా?"

"ఎందుకండీ? మీ కారు పైకప్పు కారుతోందా?"

కామ్యార్ వస్తున్న నవ్వు ఆపుకున్నాడు. ఇరాన్‌లోని రష్త్ ఊళ్లో వాన ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తుండదు కానీ, పోలీసుల మెసేజి వచ్చిన రోజులు రెండూ అతనికి బాగా గుర్తు. 'మీ కారులో తలమీద ముసుగు లేని స్త్రీ కనిపించింది' అని. మూడోది వస్తే టాక్సీ పట్టుకుపోతారు.

"నాకేం అభ్యంతరం లేదండీ. కెమెరాకే ఉంది. ఇంకొక్క మెసేజి వస్తే కారు వాళ్ల షెడ్డులో, నేను రోడ్డుమీద."

ఆ అమ్మాయి సంచీలోంచి స్కార్ఫ్ తీసింది. హమ్మయ్య అనుకున్నాడు. ఆమె దాంతో ఆవిరి పట్టిన కిటికీ అద్దం శుభ్రంగా తుడిచింది.

"అయ్యో! ఇప్పుడు ఇంకా బాగా కనిపిస్తారు!"

"కంగారుపడకండి. కెమెరాలున్న చౌరస్తాకి ముందే దిగిపోతాను. నా పంతానికి మీ కారెందుకు బలవ్వాలి?"

నిజంగానే దిగిపోయింది. ఆ వానలో తడుస్తూ నడిచిపోతుంటే కామ్యార్‌కు తనమీద తనకే అసహ్యం వేసింది. మర్నాడు అదే వేళకు గొడుగు పట్టుకుని అదే చౌరస్తాలో నిలబడ్డాడు.

ఆమె పేరు గోల్‌నూష్. చిన్నపిల్లల బడిలో టీచరు. తండ్రి లేడు, తల్లితో ఉంటోంది. ఆరు నెలలు తిరిగేసరికి ఆమె వేలికి కామ్యార్ ఉంగరం వచ్చింది. కామ్యార్ తల్లి తూబా, ఆడవాళ్లు తలనుంచి పాదాలదాకా కప్పుకునే చాదర్లు కుట్టి బతుకుతుంది, తొమ్మిదో ఏటినుంచీ నల్ల చాదర్ లేకుండా గడప దాటలేదు. అయినా కాబోయే కోడలితో ఇట్టే కలిసిపోయింది.

"ఇంత ఉక్కలో ఆ బరువెలా మోస్తారు అత్తయ్యా?"

"నువ్వు ఆ జుట్టు మోయట్లేదూ?"

పెళ్లికి ముందు అత్తగారు కోడలికి చాదర్ బట్ట కత్తిరించే వేడుక ఒకటుంది. దాన్ని శుక్రవారానికి పెట్టుకున్నారు. తూబా చిన్నచిన్న పూలున్న తెల్లబట్ట కొని దాచింది.

మంగళవారం సాయంత్రం ఠాణానుంచి కామ్యార్‌కు ఫోనొచ్చింది. గోల్‌నూష్ బజార్లో పట్టుబడింది, కప్పుకోవడానికి ఏదైనా పట్టుకురమ్మన్నారు. తల్లి కుట్టుమిషను మీదున్న నల్ల చాదర్ లాక్కుని పరుగెత్తాడు.

అధికారి కాగితం ముందుకు తోశాడు. "పొద్దుటినుంచి సంతకం పెట్టమంటే మొండికేసింది. కాబోయే మొగుడివేగా, నువ్వు పెట్టు. 'ఇకమీదట ముసుగు లేకుండా బయటికి రాదు, బాధ్యత నాది.' అంతే, తీసుకుపో. లేదంటావా, కోర్టుకి పంపుతాం."

తలుపు సందులోంచి బెంచీమీద గోల్‌నూష్ కనిపించింది. పెదవి చిట్లి ఉంది. ఒక చెంప వాచిపోయింది. కామ్యార్ కాగితం లాక్కుని సంతకం పెట్టాడు.

కారు కదిలాక అడిగింది. "దేనిమీద సంతకం పెట్టొచ్చావ్?"

"ఏదో కాగితం. వదిలెయ్ గోల్‌నూష్."

"ఆ కాగితం కోసమే వాళ్లు నన్ను కొట్టింది. ఏడు గంటలు పెట్టలేదు నేను. నువ్వు చిటికెలో పెట్టేశావ్!"

"నిన్ను అలా చూడలేకపోయాను..."

"అందుకని నా తల రాసిచ్చేస్తావా? అది నీదా?"

చాదర్, ఉంగరం సీటుమీద పడేసి మొదటిసారి దిగిన చోటే దిగిపోయింది. ఇప్పుడూ వానే.

అమ్మైనా తనవైపు ఉంటుందనుకుని ఇంటికెళ్లి జరిగిందంతా చెప్పాడు కామ్యార్.

"ఆ పిల్ల తరఫున సంతకం నువ్వు పెట్టావా?" తూబా కుట్టడం ఆపేసింది. "ఒరేయ్, ముసుగే వేసుకోకూడదని రాజు హుకుం చేసిన రోజుల్లో మా అమ్మమ్మ తలమీది చాదర్‌ని ఆ కాలం పోలీసులు నడివీధిలో లాగేశారు. ఐదేళ్లు ఇల్లు కదల్లేదావిడ. ఈ కాలం పోలీసులు కప్పుతున్నారు. చేతులు అవేరా! నేను కప్పుకునేది దేవుడి కోసం, ఠాణా కోసం కాదు. నా చేత్తో కుట్టిన చాదర్‌ని సంకెళ్లు చేసి పట్టుకెళ్లావు కదరా!"

"ఇప్పుడే వెళ్లి వెనక్కి తీసుకుంటా."

"ఆగు. ఇదైనా దాన్ని అడిగి చెయ్యి."

బుధవారం ఆమె గుమ్మం ముందు నిలబడ్డాడు. తలుపు జానెడే తెరుచుకుంది. ఆ ఉదయమే బడివాళ్లు ఇక రావద్దన్నారట.

"అడగడానికొచ్చా. సంతకం వెనక్కి తీసుకుంటే నీమీద కేసు నడుస్తుంది. జైలూ పడొచ్చు. వద్దంటే అలాగే ఉంచుతా. నువ్వెలా చెబితే అలా."

"తీసెయ్," అని తలుపు వేసేసింది.

గురువారం ఠాణాలో అధికారి విరగబడి నవ్వాడు. పాత మెసేజిలు రెండూ బయటికి లాగి కారు తాళాలు సొరుగులో వేసుకున్నాడు. సోమవారం కోర్టుకి రమ్మని గోల్‌నూష్ పేరున కాగితం చేతిలో పెట్టాడు. కామ్యార్ ఆ కాగితం తడవకుండా చొక్కాలో దాచుకుని ఊరంతా నడిచి ఆమె తల్లికి ఇచ్చి వచ్చాడు.

శుక్రవారం తూబా బట్ట, కత్తెర తీసుకుని గోల్‌నూష్ ఇంటికే వెళ్లింది. ఆడవాళ్లు నలుగురు కూర్చున్నారు, ఎవరి నోటా పాట రాలేదు. మగవాళ్లు రాకూడని వేడుక కనుక కామ్యార్ గడప బయటే ఆగిపోయాడు.

తూబా బట్టను కోడలి ఒళ్లో పెట్టింది. "చాదర్‌కి కత్తిరించనా, కిటికీ తెరలకా, అసలు కత్తిరించొద్దా? నువ్వు చెప్పమ్మా."

గోల్‌నూష్ ఆ పూలు నిమురుతూ భోరుమంది. ఠాణాలో కూడా ఏడవని పిల్ల.

"సోమవారం అయ్యాక చెప్తాను అత్తయ్యా. ఇంటికొస్తే."

కత్తెర మళ్లీ సంచీలోకి వెళ్లిపోయింది. గోల్‌నూష్ లేచి గుమ్మం దగ్గరికొచ్చింది.

"కారేది?"

"పట్టుకుపోయారు."

"గొడుగు?"

"అదుంది."

ఎడమచెయ్యి చాపింది. కామ్యార్ జేబులోంచి ఉంగరం తీసి తొడిగాడు.

"సోమవారం కోర్టుకి వస్తావుగా?"

"వస్తా."

"పెన్ను మాత్రం తేకు."