నిజపలక కింద

2079 నాటికి విశాఖలో అబద్ధాలాడటం మానేసిన వాళ్లెవరైనా ఉన్నారంటే, ఇళ్ల ఓనర్లే. బుద్ధి మారి కాదు. ఇప్పుడు ప్రతి టులెట్ బోర్డూ ఒక నిజపలక. దాని కింద నిలబడి మాట్లాడే ఓనర్ గొంతులోని వణుకును అది పట్టేస్తుంది. నిజమైతే పచ్చగా, తెలిసి ఆడిన అబద్ధమైతే ఎర్రగా వెలుగుతుంది. ఇల్లు ఇవ్వకపోవడానికి చెప్పిన కారణం అబద్ధమైతే తాళం దానంతటదే తెరుచుకుంటుంది. చట్టప్రకారం ఆ ఇల్లు అడిగినవాళ్లదే.

డాక్టర్ మృదుల దీన్ని కనిపెట్టింది అద్దె కూపన్ల వాళ్ల కోసమే. ప్రభుత్వం అద్దె కట్టే ఆ కూపన్ చూడగానే ఓనర్లు "అయ్యో, నిన్ననే ఇచ్చేశామమ్మా" అనేవారు. ఇక అలా అనలేరని ఆమె మురిసిపోయింది.

ఆ మురిపెం కాస్తా ఇవాళ మద్దిలపాలెంలో ఒక మేడ ముందు ఆవిరైపోయింది. ఆమె వెంట వచ్చిన ఎస్తేరు ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తుంది. ఎస్తేరు కూపన్ ఈ సాయంత్రం దాటితే చెల్లదు. ఆ తర్వాత ఇద్దరు పిల్లలతో మళ్లీ తుఫాను షెల్టరే గతి.

"పై పోర్షన్ ఖాళీయే," అన్నాడు ఓనర్ విశ్వపతి నింపాదిగా. "కానీ కూపన్ వాళ్లకివ్వను. మీరంటే నాకు గిట్టదు."

పలక పచ్చగా వెలిగింది, తాళం కదల్లేదు. నిజమే చెప్పాడు మరి!

మృదుల మొహం మాడిపోయింది. ఆ మాట పైకి అనడానికి ఎవరైనా సిగ్గుపడతారనుకుంది. చట్టం చేసినవాళ్లూ అదే అనుకున్నారు. ఎంత అమాయకత్వం!

"పద ఎస్తేరూ, ఇంకోచోట చూద్దాం."

"నేను రానమ్మా. ఇన్ని గుమ్మాలెక్కి దిగినాను. ఇంక దిగను."

ఎస్తేరు గుమ్మం పక్క గోడకేసి చూసింది. సున్నం పెచ్చు ఊడిన చోట, ప్రభుత్వ సాయంతో కట్టిన ఇళ్లకు వేసే నీలం ముద్ర సగం కనిపిస్తోంది.

"మేమంటే ఎందుకు గిట్టదు బాబూ?"

"సర్కారు సొమ్ముతో బతికేవాళ్లు ఇంటికి దరిద్రం. ఇక్కడ ప్రతి ఇటుకా నా కష్టం. నేనెవరి ముందూ చెయ్యి చాచలేదు!"

పలక ఎర్రబడింది. పైన తాళం టక్కున తెరుచుకుంది.

"మోసం! నా ఇంటి సంగతులన్నీ దీనికి ముందే ఎక్కించారు!" అని అరిచాడు విశ్వపతి.

"దీనికి మీ ఇంటి సంగతులేవీ తెలియవండీ," అంది మృదుల. "మీ గొంతొక్కటే తెలుసు. ఆ ముద్ర మీద సున్నం ఎందుకు వేయించారో మీరింకా మర్చిపోలేదు."

ఎస్తేరు అప్పటికే సగం మెట్లెక్కింది. అక్కడి నుంచి వెనక్కి తిరిగింది.

"పాలు పొంగించాల బాబూ, ఓ గిన్నిప్పించండి. మీరూ వచ్చి ఓ గుక్క తాగండి. మనిద్దరిదీ సర్కారిల్లే కదేటి!"