పాలగుడ్డ ఉడికిన మధ్యాహ్నం

మిట్టమధ్యాహ్నం... అయినా విస్లా నది ఒడ్డున ఆ పల్లెను కారుచీకటి కమ్మేసింది! ఆకాశం ఫెళఫెళా గర్జించింది. పట్టపగలే గుడ్లగూబ కూసింది...! రెగీనా పొయ్యి మీద, పాలు వడకట్టే గుడ్డ తొమ్మిది సూదులు గుచ్చుకుని కుతకుతా ఉడుకుతోంది. పొయ్యిగట్టు మీద వికృతంగా ఇకిలిస్తూ ఒక కపాలం! మంత్రగత్తెల వేటగాడు మెల్కియోర్ దాన్ని పొద్దున్నే తెచ్చి పెట్టాడు.

ఊళ్లో ఆవుల పొదుగులు ఎండిపోయాయి. ఆ గుడ్డ ఉడుకుతుండగా గడప తొక్కి ఎవరు మొదట ఏదైనా అడుగుతారో, పాలు దొంగిలించే పిశాచి వాళ్లే! తాతలనాటి పరీక్ష అది. నెల క్రితం రెగీనా చెల్లెలు జోఫియా అలాగే వచ్చి చిటికెడు ఉప్పు అడిగింది. కాలు నేలకు తగిలితే శక్తి పుంజుకుంటుందని పీపాలో కుక్కి మోసుకెళ్లారు... కాల్చేశారు! ఆనాటి నుంచీ రెగీనాకు ఏడుపు లేదు, ఆకలి లేదు. మనిషి ఉందంటే ఉంది, అంతే.

పాలు మాత్రం తిరిగి రాలేదు. "విత్తనం మిగిలిపోయిందిలే," అన్నాడు మెల్కియోర్. విత్తనమంటే జోఫియా కూతురు, ఏడేళ్ల బ్రోంకా! రెండు రోజులు దాన్ని కొట్టంలో పస్తు పెట్టి, ఇప్పుడు ఊరంతా చూస్తుండగా గుమ్మంలోకి తోశాడు.

"పెద్దమ్మా..." అంది పిల్ల. పెదాలు మళ్లీ విచ్చుకున్నాయి...

రెగీనా గుండె ఝల్లుమనలేదు. చెయ్యి మాత్రం కదిలింది. బల్లమీది రొట్టెముక్క తీసి ఆ నోట్లో కుక్కేసింది. అడగకముందే! పిల్ల ఆబగా నమిలింది.

మెల్కియోర్ కళ్లు నిప్పులు కక్కాయి. ఒక్క అంగలో గడప దాటాడు. "మాయలాడీ! పరీక్షే చెడగొడతావా? ఇటివ్వు ఆ రొట్టె!"

ఉరుము కూడా ఆగింది...

"మొదట అడిగింది తమరే అయ్యగారూ." రెగీనా గొంతులో కోపం కూడా లేదు.

వాకిట్లో ఊరిపెద్ద సోబెక్ గుండెల మీద శిలువ గీసుకున్నాడు. "నా చెవులారా విన్నాను తల్లీ. ఒరేయ్, పీపా దొర్లించుకురండ్రా!"

తాను తీసిన గోతిలో తానే పడ్డాడు వేటగాడు! పదిమంది పట్టి కుక్కుతుంటే భీకరంగా ఆర్తనాదం చేశాడు. "మూర్ఖుల్లారా! ఆ గుడ్డలో ఏ మహిమా లేదురా! అంతా బూటకం! నాకు మొదటినుంచీ తెలుసు!"

"దొరికాక అందరిదీ అదే పాట. జోఫియా కూడా ఇదేగా అంది," అన్నాడు సోబెక్.

అవును, అంది. "అక్కా, ఉత్త గుడ్డేనే అది, నువ్వైనా చెప్పవే!" అని గొంతు చించుకుని అరిచింది. ఆ రోజు రెగీనా నమ్మలేదు. పీపా మూత బిగించడానికి సుత్తి అందించింది తనే.