వల సీసం

మా ఇంట్లో తుపాకీ గుండ్లు పోసే పని ఆడవాళ్ళది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఈ మాట విని నవ్వాను. ఆవకాయ కలపడం, వడియాలు పెట్టడం నేర్పినట్టే ఇదీ నేర్పారు మా అత్తగారు. పేల్చేవాళ్ళు పొయ్యకూడదు, పోసేవాళ్ళు పేల్చకూడదు అన్నది ఆవిడ పద్ధతి. ఎందుకని అడిగితే "అదంతేనమ్మా" అనేవారు. అంతకు మించి ఆవిడ చేత చెప్పించడం ఎవరి తరమూ కాలేదు.

మాది ముదినేపల్లి దాటాక కొల్లేటి వైపున్న ఊరు. కొంత వరి చేను, దాన్ని ఆనుకుని చేపల చెరువు. తుపాకీ మామగారి నాటిది. పంట కాపలాకని లైసెన్సు ఇచ్చారు. ఒంటి గొట్టం. ఒక్క గుండు పేల్చాక మళ్ళీ మందు పోసి, పీచు కూరి, గుండు దించాలి. అంతసేపు పంది మన కోసం ఆగదు. ఎలక్షన్లు వస్తే స్టేషన్లో అప్పగించి, అయ్యాక తెచ్చుకుంటాం. నిజం చెప్పాలంటే పేల్చిన దానికన్నా మోసిందే ఎక్కువ.

కరిగిన సీసం అచ్చులో పోసేటప్పుడు అది దేనికోసమో పైకి చెప్పాలి. "పందికి" అనాలి. ప్రతి గుండుకీ అనాలి. అది గట్టిపడేలోపు ఇంకే పేరూ వినపడకూడదు. అందుకని పెరటి గేటు గడియ వేసి, టీవీ ఆపేసి కూర్చునేవాళ్ళం. పొరపాటున వేరే పేరు చెవిన పడితే ఆ గుండు మళ్ళీ కరిగించాల్సిందే. "వేడి మీదున్న సీసం వింటుందమ్మా" అనేవారు అత్తగారు. ఆవిడ పోయి చాలా కాలమైంది. ఆ పద్ధతి మాత్రం నేను వదల్లేదు. నమ్మకం అనలేను, చేతికి అలవాటైపోయింది.

ఇక్కడ మా ఆయన పేరు చెప్పాలి. నోటితో నేనెప్పుడూ పలకలేదు. సర్వేకి ఎవరైనా వస్తే పక్కింటి వెంకటలక్ష్మిని కేకేసి చెప్పిస్తాను. రాయడానికి అభ్యంతరం లేదు కాబట్టి రాస్తున్నాను. గంగాధరరావు.

ఆయన అన్నయ్య, మా బావగారు నాగేశ్వరరావు, శ్రావణంలో మా చెరువులోనే పోయారు. చేపలు ఎంత ఎదిగాయో చూద్దామని గట్టు మీంచి విసురు వల వేశారు. వల తాడు మణికట్టుకి ముడేసుకోవడం ఆయన అలవాటు. వల అడుగున దేనికో పట్టింది, కాలు జారింది. ఈత వచ్చిన మనిషే. వల అంచున కట్టిన సీసం ఆయన్ని పైకి రానివ్వలేదు. బయటికి తీసినప్పుడు వల ఆయన ఒంటికి చుట్టుకుని ఉంది.

ఆ రోజు నేను ఏడవలేదు. వచ్చినవాళ్ళందరికీ కాఫీలు పెట్టాను, వంట చేయించాను. మా తోడికోడలు నా మెడ పట్టుకుని ఏడుస్తుంటే, పొయ్యి మీద పాలు పొంగుతాయేమో అని అటే చూస్తున్నాను. నన్ను సొంత చెల్లెల్లా చూసిన మనిషి. అయినా లోపల ఏమీ కదల్లేదు. పదకొండో రోజు దాటింది, మా తోడికోడలు తాడేపల్లిగూడెంలో అన్నగారింటికి వెళ్ళిపోయింది, దసరా వచ్చింది, దీపావళి వచ్చింది. నేను అలాగే ఉన్నాను. కాలు మీద కాలేసుకుని చాలాసేపు కూర్చుంటే తిమ్మిరెక్కుతుంది చూడండి, మనిషి మొత్తానికి అలా అయ్యింది.

మార్గశిరంలో కోతలు మొదలయ్యాయి. చేను కోసి పనలు వేశాక పందులు దిగాయి. తిన్నంత తిని, తొక్కినంత తొక్కి, పోతూ పోతూ చెరువు గట్టు కూడా తవ్వుతున్నాయి. గట్టు తెగితే చేపలన్నీ పోతాయి. ఆయన తుపాకీ తుడిచారు. గుండ్లు చూస్తే ఒక్కటీ లేదు.

"సీసం లేదండి ఇంట్లో" అన్నాను.

"అన్నయ్య వల ఉందిగా. ఇక దాన్ని ఎవరు వేస్తారు?"

నేను కాదనలేదు. కాదనాలన్న ఆలోచన కూడా రాలేదు. మామూలు మనిషినైతే వచ్చేది.

మోటారు షెడ్డులో మేకుకి వేలాడుతోంది వల. తీస్తే చెరువు అడుగు బురద వాసన కొట్టింది. నాలుగు నెలలు ఎండిన వల, తడిగా ఎందుకుందో నేను పట్టించుకోలేదు. అంచున ఉన్న సీసపు ముక్కలు కత్తితో కోసి పళ్ళెంలో వేశాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పెరట్లో పొయ్యి రాజేశాను. ఆయన చేలోకి వెళ్ళారు. గేటు గడియ వేశాను. ఇనప గరిటెలో సీసం కరిగింది. పైన తెట్టు తీసి అచ్చులో పోశాను. "పందికి" అన్నాను. రెండోది పోశాను, మూడోది పోశాను. పోస్తుండగా ఒక చుక్క పాదం మీద పడింది. చర్మం బొబ్బ లేవడం కళ్ళతో చూశాను గానీ నొప్పి తెలియలేదు.

నాలుగోది పోస్తున్నాను. నోరు తెరవబోయాను.

"గంగా...ధరం!"

చెరువు వైపు నుంచి వచ్చింది. మధ్యలో సాగదీసి, చివర తెంపినట్టు. ఆ పిలుపు ఈ ఊళ్ళో ఒక్కరిదే. ముప్ఫై ఏళ్ళ పాటు, అన్నం వేళకి తమ్ముణ్ణి అలాగే పిలిచేవారు మా బావగారు.

చేతిలో అచ్చు అలాగే పట్టుకుని ఉండిపోయాను. భయం కూడా వెంటనే రాలేదు. ముందు ఒక్కటే తోచింది... సీసం వినేసింది.

అచ్చు విప్పాను. మిగతా మూడింటికీ నడుం మీద అతుకు గీత ఉంది, నెత్తిన పోసిన చోట తోక ఉంది. దీనికి ఏమీ లేదు. నేరేడు పండులా నున్నగా ఉంది.

గేటు చప్పుడైంది. తీస్తే ఆయన.

"నన్ను పిలిచారా ఎవరైనా?" అన్నారు.

"మీకూ వినపడిందా?"

"ఆఁ. అన్నయ్య గొంతులా ఉంది. అలవాటు కొద్దీ పలికేశాను. తర్వాత గుర్తొచ్చింది." అని నవ్వబోయి ఊరుకున్నారు. "చెరువు మీద గాలి అయ్యుంటుంది లే."

పిలిస్తే పలికారు. ఆ పేరు సీసంలో పడింది. నా మొగుడి పేరుతో ఒక గుండు తయారై నా పళ్ళెంలో ఉంది. అది ఆ తుపాకీలోకి వెళ్ళకూడదు. ఎంత మొద్దుబారినా ఆ సంగతి మాత్రం నాకు తెలుస్తూనే ఉంది.

ఆయన స్నానానికి వెళ్ళగానే దాన్ని గరిటెలో పడేశాను. గరిటెలో మిగిలిన సీసం కరిగింది. అది కరగలేదు. కరిగిన సీసం మధ్యలో అలాగే కూర్చుంది. పుల్లలు ఎగదోశాను, ఊదాను. గరిటె ఎర్రబడింది. ఆ గుండు ఎలా ఉందో అలాగే ఉంది. చివరికి కొంగుకి కట్టుకుని పంట బోదె దాకా నడిచి నీళ్ళల్లోకి విసిరేశాను. గుర్రపు డెక్క మధ్య బుడుంగున మునిగింది. ఇంటికొచ్చి అన్నం వండాను.

తెల్లారుతుండగా లేచేసరికి పక్కన ఆయన లేరు. గోడకి తుపాకీ లేదు. బయట పొగమంచు. మా వైపు ఆ నెలల్లో మంచు పడితే వాకిట్లో తులసికోట కూడా కనపడదు. పోన్లే, మంచి గుండ్లున్నాయిగా అనుకుంటూ పళ్ళెం వైపు చూశాను.

మూడూ అందులోనే ఉన్నాయి.

మరి ఆయన తుపాకీలో ఏం నింపుకెళ్ళారు?

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. గట్టు మీద మంచు, కింద బురద. చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగిపోయి ఉన్నాయి, కరెంటు లేదు. చేపల మేత వాసన, తడి గడ్డి వాసన. నా కాళ్ళు నాకే కనపడటం లేదు.

"ఏవండీ!" అని పిలిచాను.

"ఆఁ."

ఎడమ పక్క నుంచి. చేను వైపు.

"ఆఁ."

కుడి పక్క నుంచి. నీళ్ళ వైపు.

రెండూ ఒకటే గొంతు.

ఆగిపోయాను. ఇంకోసారి పిలవాలంటే నోరు రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తేలిపోతుంది. కానీ ఆ పేరు కోసమే కదా అది కాచుకుని ఉంది... మంచులో ఏదో మెల్లగా నీళ్ళు తోసుకుంటూ కదిలింది. అప్పుడు ఎడమ వైపు దగ్గు వినపడింది. మా ఆయన చుట్ట దగ్గు. చచ్చినవాళ్ళకి దగ్గు రాదులే అనుకుని అటు నడిచాను.

ఆయన గట్టు వంపులో మోకాలి మీద కూర్చుని ఉన్నారు. తుపాకీ చెరువు వైపు గురి పెట్టి ఉంది.

"పేల్చకండి" అన్నాను గుసగుసగా.

"హుష్... పంది. నీళ్ళల్లో ఉంది."

చూశాను. నల్లగా, గుండ్రంగా ఏదో తేలుతోంది. పంది వీపులానే ఉంది. అది కొంచెం పైకి లేచింది. భుజాలు కనపడ్డాయి.

"పంది కాదండి."

"నా వైపే చూస్తోంది రత్నం..."

"పంది కాదండీ!"

వేలు బిగుసుకోవడం చూశాను. రెండు చేతులతో గొట్టం పట్టుకుని చేను వైపు తోసేశాను. పేలింది. ఆ చప్పుడు మంచులో కలిసిపోయింది. గుండు ఖాళీ చేను మీదుగా, మాకు దూరంగా వెళ్ళిపోయింది. అది నా చేతులతో నేను తిప్పిన తుపాకీ. అందులో నాకు అనుమానం లేదు.

చెరువులో ఏమీ లేదు. అల కూడా లేదు.

"మంచి గుండు పాడు చేశావు కదే" అని విసుక్కున్నారు ఆయన.

"ఆ గుండు మీకెక్కడిది?"

ఆయన నన్ను వింతగా చూశారు. "నువ్వేగా ఇచ్చావు. ఇందాక తలుపు దగ్గర నిలబడి చేతిలో పెట్టావు. గోరువెచ్చగా కూడా ఉంది."

"నేనా?"

"చీకట్లో మొహం సరిగ్గా కనపడలేదు. నువ్వు కాకపోతే ఇంకెవరుంటారు మనింట్లో? చెయ్యి తడిగా ఉందేంటి అని కూడా అడిగాను. నువ్వు మాట్లాడలేదు."

ఇద్దరం ఇంటికొచ్చాం. టీ పెట్టాను.

ఒళ్ళంతా చూశాను ఆయన్ని. చిన్న గీత కూడా లేదు. తప్పించాననుకున్నాను. ఆ వారమంతా అలాగే అనుకున్నాను.

ఆదివారం తలంటుకి వీపు రుద్దుతుంటే కుడి నడుం పైన వేలికి తగిలింది. చర్మం కింద గట్టిగా, గుండ్రంగా. నేరేడు పండంత. నొక్కితే జారింది. పైన మచ్చ లేదు, గాటు లేదు. ఏలూరు తీసుకెళ్ళి డాక్టరుకి చూపించాను. కొవ్వు గడ్డండీ, చాలామందికి ఉంటాయి, నొప్పి లేనప్పుడు కెలకనక్కర్లేదు అన్నారు. ఆయన తిరుగు బస్సులో నన్ను ఆటపట్టించారు. "నీ వంట తిని కొవ్వు పట్టకపోతే ఎలా?" అని.

మరుసటి ఆదివారానికి అది వెన్నెముక దగ్గరికి వచ్చింది. ఆ తర్వాత వెన్నెముక దాటి ఎడమకి. సంక్రాంతి వెళ్ళాక ఎడమ రెక్క ఎముక కింద. ప్రతి వారం నూనె రాసే వంకతో వెతుకుతాను. బియ్యంలో రాయి ఏరినట్టు వేళ్ళతో తడుముకుంటూ పోతాను. ఎక్కడుందో తెలిస్తే అదో ధైర్యం.

ఇవాళ లేదు.

వీపంతా వెతికాను. పక్కలు, భుజాలు, మెడ. మళ్ళీ మొదటి నుంచి వెతికాను. నూనె ఆరిపోయింది.

"ఏం పోగొట్టుకున్నావే?" అన్నారు ఆయన.

"ఏం లేదండి. ఎక్కడైనా నొప్పిగా ఉందా?"

"నొప్పా? లేదు." ఎడమ రొమ్ము మీద చెయ్యేసుకుని వేళ్ళతో తట్టుకున్నారు. "అసలు ఇక్కడ ఏమీ తెలియడం లేదు. తట్టినా తెలియదు, గిల్లినా తెలియదు. రెండు రోజులైంది."

ఆ మాట విన్నాక ఏడుపు వచ్చింది. శ్రావణం నుంచి రానిదంతా ఒక్కసారే వచ్చింది. బావగారి కోసం కూడా అప్పుడే ఏడ్చాను. పాదం మీద బొబ్బ ఎప్పుడో మానిపోయింది, ఆ చోట ఇప్పుడు భగ్గుమని మండింది. ఆయన కంగారుపడి "ఏంటే రత్నం, ఏమైందే" అంటున్నారు. ఆయన ఛాతీ మీద తల పెట్టుకున్నాను. పోకండి అన్నాను. ఎక్కడికి పోతాను అన్నారు నవ్వుతూ.

గుండె కొట్టుకుంటోంది. చెవి ఇంకా గట్టిగా ఆనించాను. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య, లోపల ఏదో మెల్లగా దొర్లి ఆగింది.

మళ్ళీ దొర్లింది.