మనిషి లేని కొండ

విశాఖపట్నంలో ఆఖరి సెల్ టవర్‌ను 2061లో పీకేశారు. దాని ఇనుముతో బీచ్ రోడ్డు పొడుగునా బల్లలు చేయించారు. 2074 వచ్చేసరికి ఆ బల్లల మీద కూర్చున్న జనమే టవర్లు. అందరి ఎడమ చేతికీ ఒక సన్నటి కడియం, దాని పేరు దేహవాహిని. మనిషి ఒంట్లోని ఉప్పునీటిని యాంటెన్నాగా వాడుకుని, ఒంటి వేడితోనే నడుస్తూ, రెండు కిలోమీటర్ల లోపు ఉన్న మరో కడియానికి సిగ్నల్ అందిస్తుంది. చేపలమ్మే ఆవిడ బేరమాడుతుంటే, ఆవిడ మీదుగా ఎవరిదో గుండె ఆపరేషన్ వీడియో వెళ్తూ ఉంటుంది. ఆవిడకు చక్కిలిగింతైనా పుట్టదు.

జనం కిక్కిరిసిన చోట ఇది బ్రహ్మాండం. చిక్కంతా జనం లేని చోటే. ఏజెన్సీలో గూడేనికీ గూడేనికీ మధ్య ఒక కొండ ఉంటుంది, దాని మీద నరమానవుడు కనిపించడు. సిగ్నల్ అక్కడిదాకా వచ్చి ఆగిపోయేది. ఆ ఇరుకు లోయల్లోకి ఉపగ్రహాలు తొంగిచూడలేవు, డ్రోన్లను గాలి బతకనివ్వదు. 'అంతటా' అనే కంపెనీలో ముఖ్య శాస్త్రవేత్త డాక్టర్ తన్మయ్ ఈ ఖాళీకి మందు కనిపెట్టాడు. అదొక అల్గారిథం, పేరు పూరణ సూత్రం. మధ్యలో మనిషి లేకపోయినా సిగ్నల్‌ను మెలిపెట్టి కొండ దాటిస్తుందని ఆయన చెప్పాడు.

నమ్మనివాళ్లకు రుజువు ముక్కురాయి కొండ. రెండున్నరేళ్లుగా ఆ కొండ మీద ఎవరూ లేరు, అయినా దాని కింద గుమ్మిగూడెంలో నెట్ నడుస్తోంది. రాత్రిళ్లు మాత్రం ఆగిపోతుంది. రాత్రి తేమకు తరంగాలు చెదిరిపోతున్నాయని తన్మయ్ నలభై పేజీల పరిశోధనా పత్రం రాశాడు. దానికి పతకం కూడా ఇచ్చారు.

ఆ సూత్రాన్ని ప్రపంచానికి చూపించే రోజు వచ్చింది. పదకొండింటికి పది దేశాల ప్రతినిధులు తెరల ముందు కూర్చుంటారు. గూడెం బడిలోంచి తన్మయ్ మాట్లాడాలి, పైన కెమెరా ఖాళీ కొండను చూపిస్తూ ఉండాలి. వాళ్లు ఒప్పుకుంటే ప్రపంచంలో మరో నాలుగువేల కొండల మీదికి పూరణ సూత్రం ఎక్కుతుంది. ఇంత ముఖ్యమైన కెమెరాను ఇంకొకరికి అప్పగించడం ఇష్టంలేక ఆయనే రొప్పుతూ కొండెక్కాడు.

పైన బండ మీద ఒక ముసలమ్మ కూర్చుని అడ్డాకుల విస్తర్లు కుడుతోంది. చేతికి కడియం ఉంది.

"వచ్చినావా బాబూ," అంది. "ఇన్నాళ్లకి గుర్తొచ్చినానా?"

తన్మయ్‌కి గుర్తు రాలేదు. "ఎవరమ్మా నువ్వు? ఇక్కడేం చేస్తున్నావు?"

"కిల్లో బుద్రిని. నువ్వే కదా కూకోబెట్టినావు. మంత్రిగారొచ్చిన రోజు నా సేతికి ఇది ఏసి, నువ్వు సెప్పేదాకా లెగొద్దన్నావు. ఆయనెల్లిపోనాడు, నువ్వూ ఎల్లిపోనావు. లెగమని ఎవులూ సెప్పనేదు."

అప్పుడు గుర్తొచ్చింది. ప్రారంభోత్సవం నాటికి సూత్రం సిద్ధం కాలేదు. మంత్రి ముందు పరువు పోకుండా, దారిన పోయే మనిషిని ఆపి ఆ ఒక్క పూటకు కూర్చోబెట్టాడు. మర్నాడు సూత్రాన్ని యంత్రంలోకి ఎక్కించాడు. నెట్ నడుస్తూనే ఉంది. ఇంకేం, అంతా తన సూత్రం మహిమే అనుకున్నాడు.

"అయితే మాత్రం రెండున్నరేళ్లు కూర్చుంటావా అమ్మా?"

"నానేటి ఎర్రిదాన్నా? మూడోరోజే దిగిపోనాను. దిగితే బళ్లో పాఠం ఆగిపోనాది. నర్సమ్మ డాక్టరుతో మాటాడనేకపోనాది. మల్లీ ఎక్కితే వచ్చినాది. దిగి సూసినాను, ఎక్కి సూసినాను, నాలుగుసార్లూ అంతే. మిగతావోళ్లు కాఫీ తోటల్లోకి పోతారు. నానే కాళీ. పొద్దు గూకితే ఇంటికి పోతన్నాను."

పొద్దు గూకితే ఇంటికి. తన్మయ్ రాసిన నలభై పేజీల తేమ అక్కడికక్కడే ఆరిపోయింది. ఎక్కి చూసి, దిగి చూసి తేల్చుకోవాలన్న ఆలోచన ఈవిడకు వచ్చింది, పతకం వచ్చిన తనకు రాలేదు.

నెట్‌వర్క్‌ను నడిపే యంత్రం పేరు సంధాత. అది ఎప్పుడూ ఆయన చెవిలోనే ఉంటుంది. పక్కకు తిరిగి మెల్లగా అడిగాడు. "ఇక్కడ మనిషి ఉన్నట్టు నీకు తెలుసా?"

"ఆ మనిషి ఎవరో తెలుసుకునే హక్కు చట్టం నాకివ్వలేదు," అంది సంధాత. "మనిషి ఉన్నట్టు మాత్రం తెలుసు. గుండె కొట్టుకునే లయ సిగ్నల్‌లో కనిపించింది. మొదటి నివేదికలో రాశాను. మీరు దాన్ని నాయిస్ అని కొట్టేశారు, ఇకమీద రాయొద్దన్నారు."

తన్మయ్‌కి తల ఎత్తబుద్ధి కాలేదు.

బుద్రి ఆకులు మూటగట్టింది. "మంచిరోజే వచ్చినావు బాబూ. నా కూతురు ఒడిశాలో ఉంటాది. దానికి పాప పుట్టి ఏడాదైపోనాది, నానింకా సూడనేదు. నా కోసరమే ఇన్నాళ్లు ఆపి, ఇయ్యాల పేరెడతన్నారు. అదిగో, ఆ మలుపు కాడ అల్లుడు జీపు తెచ్చినాడు. నాను లెగిస్తే బడి ఆగిపోద్ది, రానని సెప్పేద్దామనుకున్నాను. ఇంక నువ్వొచ్చినావు, నువ్వే సూసుకుంటావు. లెగమంటావా?"

పదిన్నర దాటింది. తనే ఇక్కడ కూర్చుందామంటే కింద మాట్లాడాల్సింది తను. ఇంకొకరిని ఎక్కిస్తే గుట్టు బయటపడుతుంది. ఆవిణ్ణి పంపేస్తే పదకొండుకు తెరలు నల్లబడతాయి, సూత్రం ఉత్తిదేనని పది దేశాలకు ఒకేసారి తెలిసిపోతుంది.

"ఒక్క గంట కూర్చో అమ్మా," అన్నాడు. "పన్నెండు కాగానే నేనే ఫోన్ చేస్తాను. జీపు ఆగుతుందిలే."

ఆ తర్వాత అన్న మాట రాయడానికి నాకే మనసొప్పడం లేదు. "కాస్త ఆ బండ వెనక్కి జరుగు. కెమెరాకు కనపడకూడదు."

బుద్రి ఆయన ముఖం వైపు చూసింది. మూట తీసుకుని బండ వెనక్కి వెళ్లి కూర్చుంది.

ప్రదర్శన అదిరిపోయింది. తెర మీద ఖాళీ కొండ, దాని కింద తన్మయ్ గొంతు, ఎక్కడా తడబాటు లేదు. పన్నెండింటికి ప్రశ్నలు మొదలయ్యాయి. మలుపు దగ్గర జీపు హారన్ రెండుసార్లు మోగింది. తన్మయ్ విన్నాడు. నైరోబీ ప్రతినిధి అడిగింది చాలా మంచి ప్రశ్న అని మెచ్చుకుని పావుగంట జవాబు చెప్పాడు. పన్నెండున్నరకు హారన్ మళ్లీ మోగింది, ఈసారి పొడుగ్గా. అదీ విన్నాడు. ఆ తర్వాత ఇంక మోగలేదు.

రెండింటికి పది దేశాలూ ఒప్పుకున్నాయి. సాయంత్రం దాకా కెమెరా ఉంచమన్నాయి, ప్రతినిధులు చూస్తూ ఉంటారట. తన్మయ్ బడి వెనక్కి వెళ్లి బుద్రి కడియానికి ఫోన్ చేశాడు. ఇంక చాలు, తెర నల్లబడితే పడనీ అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు, అందులో అబద్ధం లేదు.

"అమ్మా, నేను. ఆలస్యమైపోయింది. లేవండమ్మా. ఇంక వెళ్లండి."

బుద్రి గొంతు పక్కనే ఉన్నంత స్పష్టంగా వినిపించింది. "జీపెల్లిపోనాది బాబూ. ఇక్కణ్ణించి కనిపించినాది. ఇప్పుడు లెగిసి ఎక్కడికెల్తాను? పిల్లలు సదువుకుంటన్నారు కదా. పొద్దు గూకేదాకా కూకుంటాన్లే."

హమ్మయ్య అనుకున్నాడు తన్మయ్.

సాయంత్రం దాకా తెర నల్లబడదు. ఆ లెక్క మనసులో కుదురుకుని, ఒళ్లు తేలికపడి, ఊపిరి వదిలాక తెలిసింది తను ఏమనుకున్నాడో. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అటువైపు బుద్రి ఇంకేమైనా చెప్తాడేమోనని ఆగింది. భోజనం చేశారా అని అడగబోయి, అడిగే ముఖం లేక, తన కడియం విప్పి బడి గోడ మీద పెట్టేశాడు.

లోపల పిల్లల పాఠం క్షణం కూడా ఆగలేదు.