అయిదు క్యాన్లు, అయిదు రంధ్రాలు

మేకు ఎర్రగా కాలింది. రూబీ దాన్ని పట్టకారుతో పట్టుకుని ప్లాస్టిక్ క్యానుకు ఆనించింది. చుయ్యిమని పొగ వచ్చింది. క్యాను నడిమికి చిటికెన వేలు దూరేంత రంధ్రం పడింది.

"అయిదు అయినయ్," అంది రూబీ. "ఇంక ఏడు."

"కాస్త మెల్లగా చెయ్యవే! చెయ్యి కాల్చుకుంటావు," అంది కొవ్వొత్తి పట్టుకున్న సంయుక్త.

"మెల్లగ జేస్తే రాబిన్ టీం గెలుస్తది. నీకేం, నువ్వు చూసుకుంట కూసుంటవ్."

"కొవ్వొత్తి ఎవరు పట్టుకున్నారేంటి మరి?"

ఇద్దరికీ పదకొండేళ్లు. ఒకే క్లాసు. నార్సింగిలో ఒకే ఇంట్లో కింద రూబీ వాళ్లు, పైన సంయుక్త వాళ్లు. సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలైంది. బడి లేదు, బస్సుల్లేవు. సంయుక్త చర్చికి రాదు గానీ, బడి లేని రోజుల్లో రూబీ ఎక్కడుంటే తనూ అక్కడే.

పని ఇచ్చింది సెలీనా ఆంటీ. ఆవిడ నర్సు. ఆఫ్రికాలో, మలావీ దేశంలోని ఒక పల్లెలో ఆరేళ్లుగా చర్చి తరఫున పనిచేస్తోంది. సెలవు మీద వచ్చి, ఆదివారం చర్చిలో పిల్లలకు ఆ ఊరి సంగతులు చెప్పింది. అక్కడ దవాఖానకు వెళ్లాలంటే పూట నడక. అందుకని జబ్బును ఇంటి గడప దగ్గరే ఆపాలి. తాగే నీళ్లకు మూత, గిన్నెలు ఆరబెట్టడానికి ఎత్తయిన బల్ల, చేతులు కడుక్కోవడానికి కాలి కుళాయి.

కాలి కుళాయి అంటే పెద్ద యంత్రమేమీ కాదు. రంధ్రం పెట్టిన క్యానును కర్రకు వేలాడదీసి, దానికో తాడు కట్టి, తాడు చివర ఒక పుల్ల కడతారు. పుల్లను కాలితో తొక్కితే క్యాను వంగుతుంది, నీళ్లు పడతాయి. చెయ్యి తగలనక్కర్లేదు.

"మొదటి ఏడాది నేను ముప్పై ఇళ్లకు గిన్నెల బల్లలు కట్టించానర్రా," అని నవ్వింది సెలీనా ఆంటీ. "వానలు రాగానే ముప్పైకి ముప్పై పొయ్యిలో పెట్టేశారు. వాళ్లకు కావలసింది ఎండు కట్టెలు. అది నేను అడగలేదు."

పిల్లలంతా నవ్వారు. అందరికన్నా గట్టిగా రూబీయే నవ్వింది.

అందుకే, ఇక్కడి కూలీల గుడిసెల్లో ఇలాంటి పనే చేయమని ఆంటీ జట్టుకొకటి ఇచ్చిన కార్డులో మొదటి గడి 'మాట్లాడాం'. రెండు ఆదివారాలు ఉత్తినే వెళ్లి కూర్చోవాలి, ఇంటివాళ్లు చెప్పేది వినాలి. ఆ తర్వాతే మిగతా గడులు. ఎవరి కార్డు ముందు నిండుతుందోనని పిల్లలే పందెం వేసుకున్నారు.

రూబీ లెక్క వేసుకుంది. మాటలకు రెండు వారాలు పడుతుంది, క్యానుకు పది నిమిషాలు చాలు. పైగా పగలు ఇళ్లలో పెద్దవాళ్లెవరూ ఉండరు. అద్దాల ఆఫీసులు కట్టే పనికి పోతారు. తమ జట్టుకు వచ్చిన పన్నెండు రేకుల గుడిసెలకూ మొదటి గడిలో ఒకేసారి టిక్కులు పెట్టేసింది. సరుకు చూడకుండా తూకం రాసినట్టన్నమాట. తర్వాత గుమ్మాల పక్కన ఖాళీగా కనబడ్డ క్యాన్లు తీసుకుని పని మొదలుపెట్టింది.

మొదటి నుంచీ ఒక చిన్న పిల్ల నిలబడి చూస్తోంది.

"మా అమ్మ కొడ్తది," అంది.

"కొట్టదు. చూసి ఖుష్ అయితది," అంది రూబీ.

నాలుగు గంటలకు ట్యాంకర్ హారన్ వినిపించింది. గుడిసెల వాళ్లు పని ఆపి పరిగెత్తుకొచ్చారు. బిందెలు, బకెట్లు వరసలో పెట్టారు.

"జల్ది పట్టుకోండ్రి!" అని అరిచాడు డ్రైవర్ తిమ్మప్ప. "రేపు బంద్. ఎల్లుండి గూడ బండి రాదు. రెండు రోజులకు ఇవ్వే నీళ్లు!"

ఆ పిల్ల తల్లి లక్ష్మీదేవి క్యాను తెచ్చి పైపు కింద పెట్టింది. క్యాను సగం నిండింది. అంతే, రంధ్రంలోంచి నీళ్లు చిమ్మి ఆమె చీర తడిసింది.

"ఓ అక్కా, నీ క్యానుకు నల్లా పెట్టించినవా?" అని వరసలో ఎవరో నవ్వారు. మరుక్షణం ఇంకో క్యాను చిమ్మింది. నవ్వినావిడదే అది. నవ్వు ఆగిపోయింది.

లక్ష్మీదేవి వేలితో రంధ్రం మూసి అటూ ఇటూ చూసింది. "ఎవలు జేసిన్రు గిది?"

చిన్న పిల్ల రూబీ వైపు చూపించింది.

రూబీకి ట్యాంకర్ వెనక్కి పోయి దాక్కోవాలనిపించింది. పట్టకారు కింద పెట్టి ముందుకొచ్చింది.

"నేనే," అంది.

"చేతులు కడుక్కోవడానికండీ," అంది సంయుక్త, చిన్న గొంతుతో.

"తాగనీకె నీళ్లు లేకుంటే చేతులేం గడుగుడు బిడ్డా?" అంది లక్ష్మీదేవి. ఆమె అరవలేదు. "మా ఇంట్ల నలుగురం. ఒక చిన్న బిందె, ఈ క్యాను. గింతే. రెండు దినాలు ఎట్ల ఎల్లదీయాలె?"

రూబీ తిమ్మప్ప దగ్గరికి పరిగెత్తింది. "అన్నా, జర ఆగవా? క్యాన్లు తెస్త."

"పావుగంట. ఆ తర్వాత రోడ్లమీద నన్నెక్కడ ఆపుతరో నాకే తెల్వదు."

రోడ్డు దాటితే రూబీ వాళ్ల నాన్న ప్రభుదాస్ హార్డ్‌వేర్ దుకాణం. షట్టర్ సగం దించి ఉంది. రూబీ కింద నుంచి దూరి, రొప్పుతూ జరిగిందంతా చెప్పింది.

"అయిదు క్యాన్లు కావాలె నాయినా. అర్జెంటు!"

"ఎంత పెద్దయి?"

"అంటే... క్యాన్లు."

"మూతి ఎంత ఉండాలె? మోసేటోళ్లు ఎవరు?"

రూబీ షట్టర్ కింద నుంచి గుడిసెల వైపు చూసింది.

"మేకు కొననీకె వచ్చినోన్ని గూడ గోడకా, కట్టెకా అని అడుగుత నేను," అన్నాడు ప్రభుదాస్. "నువ్వు మళ్ల అడగకుంటనే వచ్చినవ్. ఉరుకు. నేను బండి తీస్త."

రూబీ ఉరికింది. ఈసారి కార్డు తీయలేదు. లక్ష్మీదేవి ముందు నిలబడింది.

"అత్తా, నీకు ఎట్లాంటిది గావాలె?"

లక్ష్మీదేవి ఆమెను ఒక క్షణం చూసింది. "మూతి పెద్దగుండాలె. ఈ క్యాన్ల నా చెయ్యి పట్టది. లోపట పాకురు వడ్తది, తోమరాదు. పోయిన నెల చిన్నదానికి వాంతులు, విరేచనాలు. దీనితోటే అని నాకు ఎరుకే. ఏంజేస్త?"

రూబీ తెల్లబోయింది. అది సెలీనా ఆంటీ చెబితేనే తెలిసే సంగతి అనుకుంది. ఈమెకు ముందే తెలుసు.

మరో ఇద్దరు కూడా పెద్ద మూతి డ్రమ్ములే అడిగారు. ముసలి అనసూయమ్మ మాత్రం చెయ్యి అడ్డం తిప్పింది. "నాకు డ్రమ్మొద్దు బిడ్డా. నా నడుముతోని అది లేస్తదా? రెండు చిన్నయి ఇయ్యి."

రూబీ అరచేతి మీద రాసుకుని వెళ్లి నాన్నకు చూపించింది. ప్రభుదాస్ మూడు డ్రమ్ములు, రెండు చిన్న క్యాన్లు స్కూటర్ మీద కట్టి తెచ్చాడు. తిమ్మప్ప హారన్ కొడుతూనే పైపు పట్టాడు. అన్నీ నిండాయి. బండి కదిలింది.

అయిదో క్యాను ఉన్న గుడిసెకు ఇంకా తాళం ఉంది. ఆ ఇంటివాళ్లు దూరం పనికి పోయారు. వాళ్ల కోసం లక్ష్మీదేవి తన చిన్న బిందె నింపి, మూత పెట్టి గుమ్మం పక్కన ఉంచింది.

"ఒక డ్రమ్ము తెచ్చి ఇక్కడ పెట్టేసి వెళ్దామే," అంది సంయుక్త. "అందరూ అదేగా అడిగారు. నాకు ఆకలేస్తోంది."

"అందరు అడగలే. అనసూయమ్మ అడగలే."

"వీళ్లెప్పుడొస్తారో?"

"ఏమో. నువ్వు పో. నాయిన దింపుతడు."

సంయుక్త పోలేదు. గొణుక్కుంటూ పక్కనే కూలబడింది. ప్రభుదాస్ స్కూటర్ స్టాండు వేసి లక్ష్మీదేవి భర్తతో మాటల్లో పడ్డాడు.

దూరంగా అద్దాల ఆఫీసుల్లో దీపాలు వెలిగే వేళకు, ఒక ఆవిడ తలకు గుడ్డ చుట్టుకుని, సిమెంటు పట్టిన కాళ్లతో వచ్చింది. తన గుమ్మంలో ఇద్దరు పిల్లలను చూసి ఆగింది.

"ఎవలు మీరు? ఏంగావాలె?"

రూబీ లేచి నిలబడింది.

"అక్కా, నీ క్యాను ఖరాబు జేసింది నేనే. నువ్వు ముందుగాల కాళ్లు గడుక్కో, నీళ్లు తాగు. తర్వాత నీతోని మాట్లాడాలె. మాకు తొందర లేదు."