గోడ మీద ఫ్లాస్కు

పొద్దుటి నుంచి ఆరేసిన దుప్పట్లనే బ్రోనా లిల్లిస్ మళ్ళీ తీగ మీద నుంచి లాగుతోంది. ఐర్లండ్ పడమటి తీరాన ఉన్న ఆ కిల్‌కీ ఊళ్ళో వాన పడితే ఎవరూ పట్టించుకోరు. ఆగితే మాత్రం ఇరుగుపొరుగు బయటికొచ్చి ఆకాశం వంక అనుమానంగా చూస్తారు.

"మంత్రసాని బ్రోనాగారు మీరేనా?"

గేటు దగ్గర గొడుగు పట్టుకుని ఒక పొడుగాటి మనిషి. ముఖంలో నవ్వు లేదు, కోపమూ లేదు.

"నేనేనండీ. కాన్పా?"

"నాకు కాదు."

"అది తెలుస్తూనే ఉంది."

"ఫెర్గల్ టూహీ. ఇన్సూరెన్సు కంపెనీ నుంచి వచ్చాను."

బ్రోనా చేతిలోంచి దుప్పటి కొస జారింది. అతను గబగబా వచ్చి గొడుగు పట్టాడు, దుప్పటికి. ఆమె తడుస్తూనే ఉంది.

ఇతని కోసమే ఆమె చలికాలమంతా ఎదురుచూసింది. ఇంటి కాన్పు ఖర్చు పాలసీలో రావాలంటే, ముందుగా కంపెనీ ఆ మంత్రసానిని ఒప్పుకోవాలి. ఆసుపత్రి ఉద్యోగం వదిలి సొంతంగా పనిచేస్తున్న బ్రోనాను ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోతే పక్క వీధి నూలా, ఎంత ఇష్టం లేకపోయినా, దూరాన లిమరిక్ పట్నంలోని ఆసుపత్రికి పోవాల్సిందే. బ్రోనా కూడా అక్కడికే పోవాలి, మళ్ళీ ఉద్యోగానికి. నూలాకు నెలలు నిండుతున్నాయి.

వంటింట్లో డింప్నా పిన్ని అప్పటికే కెటిల్ పెట్టేసింది. బ్రోనాను పెంచింది ఆవిడే. ప్రార్థన మధ్యలో కూడా మాట్లాడే మనిషి.

"కూర్చో నాయనా, టీ తాగు."

"వద్దండీ."

మొదట వద్దనడం ఆ ఊళ్ళో మర్యాదే.

"కొంచెం తాగు."

"వద్దండీ."

"పోనీ, సగం కప్పు?"

"వద్దండీ."

డింప్నా చేయి గాల్లోనే ఆగిపోయింది. ఆ ఇంట్లో ఇన్నిసార్లు వద్దన్నవాడు ఇంతవరకూ లేడు.

ఫెర్గల్ ఫైలు తెరిచాడు. "కాన్పు మధ్యలో కరెంటు పోతే?"

"పోతుంది. బిడ్డ మాత్రం ఆగదు."

"అవసరమైతే ఆసుపత్రికి ఎంతసేపట్లో చేరతారు?"

"దారిలో ఆవులుంటేనా, లేకపోతేనా?"

అతను పెన్ను మూత తీశాడు. 'ఆవులు' అని రాసుకున్నాడు.

పని అయ్యాక బయటికి వెళ్ళి, వాళ్ళ ప్రహరీ గోడ మీదే కూర్చుని, గొడుగు కింద ఫ్లాస్కు తెరిచి టీ పోసుకున్నాడు. డింప్నా కిటికీకి అతుక్కుపోయింది.

"చూశావుటే! మన టీ వద్దని, మన గోడ మీదే కూర్చుని, ఆ నీళ్ళు తాగుతున్నాడు!"

సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. ఆదివారం చర్చి గుమ్మంలో ఫాదర్ కూడా డింప్నాను ఓదార్చాడు.

ఫెర్గల్ మళ్ళీ వచ్చాడు, ఆమె సంచిలోని సామాను చూడటానికి. ఆ తర్వాత ఆవులున్నప్పుడు దారి చూడటానికి. వచ్చినప్పుడల్లా టీ వద్దన్నాడు, వెళ్ళేటప్పుడు గోడెక్కాడు. దిగాక కూర్చున్న చోటు జేబురుమాలుతో తుడుస్తాడని బ్రోనా గమనించింది. గమనించినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. ఆ మంటలోనే గేటు దాకా వెళ్ళింది.

"మా ఇల్లు శుభ్రంగా లేదా?"

"మా ఇంటికంటే శుభ్రంగా ఉందండీ."

"మరి టీకేం రోగం?"

"కంపెనీ నియమం. సొంతవాళ్ళ ఫైలు మేం చూడకూడదు. అలాంటిదేమైనా ఉంటే ఇంకో మనిషి వచ్చి మళ్ళీ మొదటి నుంచి చూడాలి."

"కప్పు టీకే ఎవరైనా సొంతవాళ్ళయిపోతారా?"

ఫెర్గల్ ఫ్లాస్కు మూత బిగించాడు. అది అప్పటికే బిగించి ఉంది.

"నూలాగారికి ఇంకా టైముందా?" అని అడిగాడు.

"ఎక్కడిదండీ? ఇవాళో రేపో అన్నట్టుంది."

"అయితే టీ వద్దండీ."

వంటింట్లోకి వచ్చాక గానీ ఆ మాట బ్రోనాకు పూర్తిగా ఎక్కలేదు. ఎక్కాక, కడిగిన కప్పులే మళ్ళీ కడిగింది.

తర్వాత అతను రాలేదు. నూలా రోజూ వచ్చి పొట్ట మీద చేయి వేసుకుని కూర్చుంటోంది. "ఈ బిడ్డను కాస్త ఆగమని చెప్పవే," అంటోంది.

గురువారం తలుపు చప్పుడైంది. ఫెర్గల్. జుట్టు దువ్వుకుని ఉన్నాడు.

"ఫ్లాస్కు ఏది అబ్బాయ్, గోడ మీద పెట్టి వచ్చావా?" అంది డింప్నా.

"తేలేదండీ." అతను బ్రోనా వైపు తిరిగాడు. "ఇకమీదట మీ ఫైలు నా దగ్గర ఉండదు."

"కాదన్నారా?"

"ఔనన్నారు. అందుకే మూసేశాం. నూలాగారికి ఇంటి దగ్గరే కాన్పు. పొద్దున్నే ఆవిడకు ఫోన్ చేశారు."

కళ్ళు తుడుచుకోవడం ఇష్టం లేక బ్రోనా రొట్టె కోయడం మొదలుపెట్టింది. ముక్కలు ఇటుకల్లా వచ్చాయి.

"నాకూ ఫోన్లోనే చెప్పొచ్చుగా. ఇంత వానలో రావాలా?"

"చెప్పొచ్చు." అతను గొడుగు తలుపు వెనక ఆనించాడు. "ఫోన్లో టీ ఇవ్వరుగా."

కత్తి ఆగింది. ఆమె ఒక కప్పు తీసి బల్ల మీద పెట్టింది.

"పాలు?" అంది బ్రోనా, తలెత్తకుండా.

"మీ ఇష్టం."

"చక్కెర?"

"మీ ఇష్టమండీ."

"అన్నీ నా ఇష్టమేనా?"

"ఇవాళ్టి నుంచి," అన్నాడతను, 'ఆవులు' అని రాసుకున్నప్పటి ముఖంతోనే.

డింప్నా అతన్ని చూసింది, ఆమెను చూసింది. నోరు తెరిచి, మూసుకుంది. కోటు తొడుక్కుంది. కొక్కేనికి తన గొడుగు వేలాడుతూనే ఉంది. దాన్ని వదిలేసి, తలుపు వెనక ఉన్న ఫెర్గల్ గొడుగు తీసుకుని, ఒక్క మాటైనా అనకుండా వానలోకి వెళ్ళిపోయింది.