పరుపు దులిపే కర్ర

“ముందా కర్ర కింద పడేయండి!”

ఆ కేకకి పరుపుల మేస్త్రీ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

గుమ్మంలో ఒక యువతి నిలబడి ఉంది. మెడలో ఆస్పత్రి కార్డు, భుజాన సంచి. ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో కర్రని చూపిస్తోంది.

“మీరెవరండీ?”

“పిల్లల వార్డు నర్సుని. ఆయాసంతో నెలకి రెండుసార్లు మా వార్డుకొచ్చిన పిల్లల ఇళ్లు చూసి వెళ్తుంటాను. పాప ఏదీ?”

అతను గది మూలకి చూశాడు. ఎనిమిదేళ్ల పిల్ల మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఆ గుండెల్లోని పిల్లికూతలు గుమ్మం దాకా వినిపిస్తున్నాయి.

“దగ్గు ఎక్కువైందని పరుపు దులుపుతున్నా. పరుపులు కుట్టడమే నా పని. వాటి గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు.”

“దులిపిన దుమ్ము ఎక్కడికి పోతుందనుకుంటున్నారు? మీ అత్తారింటికా?”

“నాకింకా పెళ్లి కాలేదండీ.”

“అయితే పాప ఊపిరితిత్తుల్లోకే!” అని, ఆమె వరసగా నాలుగు తుమ్ములు తుమ్మింది.

మూలనున్న పిల్ల కిసుక్కున నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినపడి పది నెలలైంది.

పది నెలల కిందట ఆ పిల్ల తల్లి, అంటే మేస్త్రీ అక్క, ఇదే గదిలో ఊపిరాడక చనిపోయింది. తండ్రి అంతకు ముందే ఇల్లు వదిలి పోయాడు. మేనకోడలికి మిగిలింది మేనమామ ఒక్కడే. పిట్టంత ప్రాణమని ఆ పిల్లని ‘పిట్ట’ అనే పిలుస్తాడు.

నర్సు కిటికీలు బార్లా తెరిచి, పిల్లని బయట గట్టు మీద కూర్చోబెట్టి వచ్చింది.

“ఈ పరుపులో కంటికి కనపడని పురుగులుంటాయి. డస్ట్ మైట్స్ అంటారు. మన ఒంటి నుంచి రాలే పొట్టు తిని బతుకుతాయి. కుట్టవు, కరవవు. కానీ వాటి మలం పొడి అయి గాల్లో కలిస్తే, పడని వాళ్లకి అదే విషం. మీ దెబ్బ దెబ్బకీ ఆ పొడి లేస్తోంది. మీ పాప అదే పీలుస్తోంది.”

మేస్త్రీ మొహంలో నెత్తురు చుక్క లేదు.

“మా అక్కకి ఆయాసమొచ్చినప్పుడల్లా ఇలాగే దులిపేవాణ్ణి. దులిపి, వెంటనే దాని మీదే పడుకోబెట్టేవాణ్ణి.” కర్ర వంక చూశాడు. “అంటే… అక్కని నేనే…”

నర్సు జవాబు చెప్పలేదు. సంచిలోంచి ఊపిరి బలం కొలిచే ఊదే మీటరు తీసింది. “రోజూ పొద్దున పాపచేత ఊదించి, అంకె ఈ కాగితం మీద రాయండి. నేను బుధవారం బుధవారం వస్తాను.”

ఆ రోజు పిట్ట ఊదింది నూట ముప్ఫై. ఆ వయసుకి రెండు వందలు దాటాలి.

ఆ మర్నాటి నుంచి మేస్త్రీ ఇంటి మీద యుద్ధమే ప్రకటించాడు. నేల మీది తివాచీ వీధిలోకి పోయింది. చీపురు మూలన పడింది, తడిగుడ్డ చేతికొచ్చింది. దుప్పట్లు వారం వారం చెయ్యి పెట్టలేనంత వేడినీళ్లలో మునిగాయి. దుకాణంలో దూది అంటిన బట్టలు గుమ్మం బయటే విప్పి, స్నానం చేశాకే పిల్లని దగ్గరికి తీసుకునేవాడు. దుమ్ము కూడా దూరని చిక్కటి నేత గుడ్డతో పరుపుకి నాలుగు వైపులా మూసుకునే గలీబు కుట్టి, జిప్పు మీద పట్టీ కూడా వేశాడు.

రెండో బుధవారం నర్సు ఆ కుట్టుని వేలితో తడిమి చూసింది.

“పర్వాలేదు. చెయ్యి తిరిగినవారే.”

“మీరూ తుమ్ముతుంటారుగా. మీ మంచం కొలత చెప్పండి, మీకూ ఒకటి కుడతా.”

“పెళ్లికాని అమ్మాయిని మంచం కొలత అడగడానికి సిగ్గులేదూ?”

“సిగ్గుపడితే పరుపులవాడికి పూట గడవదండీ.”

ఆమె నవ్వు ఆపుకోబోయి తుమ్మింది. బయట వాన మొదలైంది. “ఈ పురుగులకి తేమంటే ప్రాణం. నాకు వానంటే అందుకే కోపం,” అంటూనే, వాన తగ్గేదాకా గంటన్నర కూర్చుంది.

ఒక్క విషయంలోనే పేచీ వచ్చింది. అక్క దిండు. పాత దూది, పూల గుడ్డ. పిట్ట దాన్ని వదలనంది. చివరికి దిండుని కూడా గలీబులో పెట్టి జిప్పు బిగించి, అటక మీద పెట్టారు. చూడొచ్చు, పడుకోకూడదు.

ఏడో వారానికి అంకె రెండు వందల పది.

“వచ్చే బుధవారం ఆఖరి రాక. ఫైలు మూసేస్తాను,” అంది నర్సు. పిట్ట ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

మర్నాడు అంకె నూట డెబ్బై. ఆ పై రోజు నూట నలభై. మూడో రోజు నూట ఇరవై.

మేస్త్రీ ఫోన్ చేశాడు. మిట్టమధ్యాహ్నం నర్సు పరుగున వచ్చింది. పరుపు, కిటికీలు, మూలలు అన్నీ వెతికింది. ఎక్కడా ఏమీ లేదు.

“అక్కకీ ఊపిరి ఇలాగే తగ్గుతూ వచ్చింది,” అన్నాడతను. కళ్లు అటక మీదికి పోయాయి. “ఇంకొక్కటే మిగిలింది.”

ఒక్క గెంతులో దిండు లాగి, జిప్పు తెరిచాడు. “దీన్ని తగలబెట్టేస్తా!”

“మావయ్యా, వద్దు! అది అమ్మది!” పిట్ట దిండుని పట్టుకుంది. అతను లాగాడు. పిల్ల వదల్లేదు.

“ఇద్దరూ వదలండి!” నర్సు అరిచేలోపే పాత గుడ్డ నిలువునా చిరిగింది. గదంతా దూది, దుమ్ము.

“నేనే మెల్లగా ఊదాను!” పిట్ట వెక్కిళ్ల మధ్య అరిచింది. “అంకె బాగుంటే నర్సక్క రాదుగా! బుధవారం వచ్చిందంటే నువ్వు రెండుసార్లు తల దువ్వుకుంటావు! అందుకే…”

మాట పూర్తి కాలేదు. దగ్గు అందుకుంది. దగ్గు ఈలైంది, ఈల కూడా ఆగింది. పెదవులు నీలంగా మారాయి. ఈసారి అబద్ధం కాదు.

నర్సు పిల్లని ఎత్తుకుని వాకిట్లోకి పరుగెత్తింది. “ఇన్‌హేలర్! దాని గొట్టం! అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి!” మేస్త్రీ అవి తెచ్చిచ్చాడు. పీల్పుకీ పీల్పుకీ మధ్య ఆమె లెక్కపెడుతోంది. మేస్త్రీ ఫోన్ చేసి, పిల్ల పక్కన కూర్చున్నాడు. లోకంలో ఆ పిల్ల ఛాతీ తప్ప అతనికేదీ కనపడలేదు.

ఆరో పీల్పుకి ఈల తిరిగొచ్చింది. పదో పీల్పుకి పిట్ట ఏడ్చింది. ఏడుపంత తియ్యటి చప్పుడు అతను జన్మలో వినలేదు.

సాయంత్రం వార్డులో ఆక్సిజన్ గొట్టంతో పిట్ట నిద్రపోతుంటే, వరండాలో అతను అడిగాడు. “ఆ రోజు మీరు జవాబు చెప్పలేదు. అక్కని నేనే చంపానా?”

“అబద్ధం చెప్పమంటారా?”

“వద్దు.”

“ఆవిడ ఫైలు చూశాను. తగ్గిందని ఆవిడ మందులు మానేశారు. మీ కర్ర కూడా కీడే చేసింది. ఏది ఎంత అనేది ఎవరూ చెప్పలేరు.” ఆమె అతని వైపు తిరిగింది. “తెలియక చేశారు. తెలిశాక ఏం చేశారో ఏడు వారాలు కళ్లారా చూశాను. అలాంటి మనిషిని ఒంటరిగా వదిలి ఫైలు మూయడం నా వల్ల కాదు.”

అతను మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది. తీయలేదు.

పై బుధవారం నర్సు వచ్చేసరికి పెరట్లో బట్టల దండెం కింద ఆసరాగా ఒక పోటు కర్ర నిలబడి ఉంది. పరుపు దులిపే కర్రే. దండెం మీద, వేడినీళ్లలో ఉతికి కుట్టిన పూల గుడ్డ ఆరుతోంది. దూది పోయింది. గుడ్డ మిగిలింది.

“ఊదు. ఈసారి నిజంగా,” అంది నర్సు.

పిట్ట ఊదింది. రెండు వందల ఇరవై.

నర్సు కాగితం మీద అంకె వేసి, దాని కింద ఇంకేదో రాసి మేస్త్రీకిచ్చింది. ‘ఆరున్నర అడుగులు, అయిదడుగులు.’

“ఇదేంటండీ?”

“మంచం కొలత. అడిగారుగా.”

అతను రెండుసార్లు చదివాడు. “ఇది ఒక్కరి మంచం కొలత కాదండీ.”

“పరుపుల గురించి మీకెవరూ చెప్పక్కర్లేదన్నారుగా, మేస్త్రీ గారూ!”

“మావయ్యా,” పిట్ట మెల్లగా అతని చొక్కా లాగింది, “ఇక నర్సక్కా అని పిలవాలా, అత్తా అనా?”

మేస్త్రీ నర్సు వంక చూశాడు. ఆమే పిల్లని ఒళ్లోకి లాక్కుని, ఆ చిన్న ఛాతీకి చెవి ఆనించింది. పిల్లికూతలు లేవు.

“అత్తా అనే అను,” అంది.